కొత్త ఇంజన్‌కు పది గంటలు

శోభారాణి వచ్చిన రోజు సుదర్శన్ ఒడ్డున కూర్చుని పెడల్ బోట్లు కడుగుతున్నాడు. ఆరు నెలలుగా అతని పని అదే. అంతకుముందు మూడేళ్లు ఆ చెరువు మీద జెట్ స్కీ నడిపింది అతనే. ములుగు దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఆ చెరువుకు ఆదివారాలు హనుమకొండ నుంచీ, వరంగల్ నుంచీ జనం కార్లేసుకుని వచ్చేవారు. పిల్లలు దాన్ని నీళ్ల బండి అనేవారు. సుదర్శన్ దాన్ని గిరుక్కున తిప్పి నీళ్లు ఎగజిమ్మితే ఒడ్డున ఉన్నవాళ్లంతా కేకలు పెట్టేవారు.

ఉగాది తర్వాతి ఆదివారం ఆ బండి నడి చెరువులో ఆగిపోయింది. నీళ్లు పీల్చే దారిలో నాచు చుట్టుకుని, చల్లదనం అందక ఇంజన్ బిగుసుకుపోయింది. వెనక కూర్చున్న కుర్రాడు భయంతో సుదర్శన్ నడుము పట్టుకుని వదల్లేదు. అదే చెరువు మీద మోటారు పడవ నడిపే పోశయ్య వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాడు. బోటింగ్ లీజుకు తీసుకున్న వీరభద్రం సేటుకు హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం ఉంది. ఆయన ఆ రోజు అందరి ముందూ, "ఇంజన్‌ను మింగినవ్ గదరా" అన్నాడు. అంతే. పనిలోంచి తీసెయ్యలేదు. కానీ ఆ బండి ఊసు సుదర్శన్‌తో మళ్లీ ఎత్తలేదు. బండి షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది.

ఇప్పుడు కొత్త ఇంజన్ చెక్కపెట్టెలో వచ్చింది. బిగించడానికి హైదరాబాద్ నుంచి మనిషి రావాలంటే నెల పడుతుందన్నారు. కార్తీకం దగ్గర పడుతోంది, జనం వచ్చే రోజులు. ఎవరో సేటుకు శోభారాణి పేరు చెప్పారు. హనుమకొండలో ములుగు రోడ్డు మీద ఆమెకు షెడ్డు ఉందనీ, పంపుసెట్లు, జనరేటర్లు, పడవ మోటార్లు ఏవైనా బాగు చేస్తుందనీ అన్నారు.

ఆమె బస్సు దిగి, రెండు చేతుల్లో రెండు పనిముట్ల పెట్టెలతో నడిచి వచ్చింది. యాభైకి దగ్గరగా ఉంటుంది. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని, చేతులు మోచేతుల దాకా మడిచింది. సేటు ఆమెను చూసి కాస్త తడబడ్డాడు.

"మీ ఆయన వస్తడనుకున్న."

"మా ఆయన ఆర్టీసీల డ్రైవరు సేటూ. ఆయనొస్తే బస్సు నడుపుతడు. ఇంజన్ పనైతే నేనే రావాలె" అంది ఆమె నవ్వుతూ.

షెడ్డులోకి పోయి ముందు కొత్త ఇంజన్ వైపు చూడనే లేదు. చచ్చిన ఇంజన్‌ను బయటికి తీయించి, దాని ముందు గొంతుక్కూర్చుని పావుగంట సేపు చూసింది. వేలితో లోపల తడిమి మసి వాసన చూసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"దీన్ని నడిపినాయన ఎవరు?"

సుదర్శన్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాడు. అందరి ముందు ఇంకోసారి తిట్లు తినాలి.

"తమ్మీ, ఇది ఆగిపోయేముందు ఎట్ల మొత్తుకుంది?"

ఆరు నెలల్లో ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు. ఏం చేశావని అడిగారు, ఎందుకు చూసుకోలేదని అడిగారు. ఏం విన్నావని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఎప్పుడు గుమ్ముగ ఉంటదక్కా దాని సప్పుడు. ఆ దినం జర సన్నబడ్డది. బాయి మోటరు నీళ్లందక గాలి గుంజుతది సూడు, గట్ల. ఇగ ఆ తర్వాత కాలిన వాసనొచ్చింది."

శోభారాణి తలూపింది. "మంచిగనే విన్నవ్" అని సేటు వైపు తిరిగింది. "ఇంజన్ బిగించుడు నా పని. బిగించినంక మొదటి పది గంటలు దాన్ని ఎక్కువ గుంజకుండ, పదును మీద నడిపించాలె. అది ఈ తమ్మి పని."

"వీడా? వీడొద్దమ్మా" అన్నాడు సేటు.

"సప్పుడు వినేటోడు గావాలె సేటూ. ఇంకెవలన్న నడిపితే నాకు భరోసా లేదు. నేను బిగించ."

సేటుకు ఒప్పుకోక తప్పలేదు. సుదర్శన్ బోట్లు కడగడానికి తిరిగి పోయాడు కానీ, కడిగిన బోటునే మళ్లీ కడుగుతున్నాడని పోశయ్య చెప్పేదాకా తెలియలేదు.

ఇంజన్ బిగించడానికి మూడు రోజులు పట్టింది. సుదర్శన్ ఆమె పక్కనే ఉండి అందించేవి అందించాడు. పని అలా చేసే మనిషిని అతను ఎప్పుడూ చూడలేదు. విప్పిన ప్రతి బోల్టునూ ఎక్కడిదక్కడ ఒక్కో గిన్నె మూతలో పెట్టేది. మూత కింద కాగితం ముక్క మీద పేరు రాసేది. చైన్ పుల్లీతో ఇంజన్‌ను పైకెత్తి బండి కడుపులోకి దించేటప్పుడు, అంత బరువునూ అరచేత్తో ఇటు జర, అటు జర అని తోస్తూ, నిద్రపోతున్న పిల్లను ఉయ్యాలలో వేసినట్టు దించింది. ఎక్కడా హడావుడి లేదు, ఎక్కడా చెయ్యి ఆగదు. మాట్లాడితే మాత్రం పనిముట్టు కింద పెట్టి మాట్లాడేది.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నవక్కా?"

"మా నాయిన రైసుమిల్లు ఇంజన్లు చూసేటోడు. నాకు చిన్నప్పుడు బడి లేని దినం ఎంటబెట్టుకొని పోయేటోడు. ఇంజన్ ముందట కూసోబెట్టి, కండ్లు మూసుకో, ఇప్పుడు ఏమైందో చెప్పు అనేటోడు. చెప్తే ఒక బిస్కట్ పుడ కొనిచ్చేటోడు."

మూడో రోజు పొద్దుగూకే వేళకు చివరి బోల్టు బిగించి, చివరి బస్సు అందుకోవడానికి పరుగున పోయింది.

మర్నాడు గురువారం. బండిని ట్రాలీ మీదనే ఉంచి, నీళ్ల పైపు తగిలించింది. సుదర్శన్ కుళాయి తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముందు ఇంజన్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు బందు, తర్వాత ఇంజన్. ఇది ఉల్టా చేసినవనుకో, నీళ్లు పొగగొట్టంలకెల్లి ఎనక్కొచ్చి సిలిండర్ల చేరుతయి. కొత్తదైనా పాతదైనా ఇగ ఖతమే."

మూడేళ్లు నడిపినా ఆ మాట సుదర్శన్‌కు ఎవరూ చెప్పలేదు. బటన్ నొక్కాడు. ఇంజన్ ఒక్కసారి దగ్గి అందుకుంది. శోభారాణి కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, లెక్క పెడుతున్నట్టు. నిమిషం కాకముందే ఆపించింది. తర్వాత బండిని నీళ్లలోకి దించారు.

వానలు బాగా పడ్డాయి ఆ ఏడు. చెరువు నిండి, మత్తడి గోడ మీంచి నీళ్లు ఇంకా సన్నగా దుంకుతున్నాయి. పొద్దున పూట నీళ్లు కదలకుండా ఉన్నాయి. ముందు అయిదు నిమిషాలు ఊరికే ఒడ్డు వెంబడి నడిచినంత మెల్లగా తిప్పమంది. తిప్పి తెచ్చాక గట్టు మీదికి లాగించి, సీటు తీయించి టార్చి వేసి, నీళ్లు ఊరుతున్నాయా, పెట్రోల్ వాసన వస్తోందా అని చూసింది. మళ్లీ పొమ్మంది.

"ఇప్పుడు అరగంట. ఇంజన్ ఎంత తిరుగుతాందో చూపే మీటరు అయిదు వేలు దాటొద్దు. కానీ ఒక్కటే స్పీడు మీద ఉంచకు. జర పెంచు, జర దించు, మల్ల పెంచు."

"మెల్లగనే నడిపితే మంచిది గాదా అక్కా?"

"కాదు తమ్మీ. సిలిండర్ గోడ కొత్తది, పిస్టన్ రింగులు కొత్తయి. ఒకదానికొకటి ఇంకా తెల్వదు. రాసుకుంట రాసుకుంట కుదురుకోవాలె. మరీ మెల్లగ నడిపితే రింగులు గోడకు ఆనయి. ఒక్కపారి గుంజితే కాలిపోతయి. రెంటి నడుమ నడిపియ్యాలె."

సుదర్శన్‌ది నెక్కొండ దగ్గర పల్లె. అతనికి వాళ్ల నాయన కోడెలకు కాడి అలవాటు చేయడం గుర్తొచ్చింది. మొదట ఖాళీ బండి. తర్వాత రెండు బస్తాలు. చదునైన దారిలో కొంత, చిన్న ఎత్తు మీద కొంత. వాటికి ఆయాసం రాకముందే ఆపి మెడ నిమిరేవాడు. ఆ సంగతి చెబితే శోభారాణి మొహం వెలిగిపోయింది.

"అగో, మీ నాయినకు తెల్సు. గంతే ఇది."

ఆ రోజు బండి రెండు గంటలు నడిచింది. నడుమ నడుమ ఇంజన్‌ను చల్లారనిచ్చారు. సుదర్శన్ నీళ్ల మీద తిరుగుతుంటే, ఆమె ఒడ్డున రాయి మీద కూర్చుని, ఫోనులో టైము చూస్తూ నోటుబుక్కులో రాసుకుంది. ఎండ మీద పడినా జరగలేదు. చాయ్ తెస్తే చల్లారిపోయింది. నీళ్లకు నాలుగు అడుగుల కంటే దగ్గరికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం సేటు ఫోన్ చేశాడు. శనివారం నాడు హనుమకొండ నుంచి పెళ్లి కాబోయే జంట ఫొటోలకు వస్తున్నారట. జెట్ స్కీ మీద ఫుల్ స్పీడులో, వెనక నీళ్లు ఫౌంటెన్‌లా లేవాలి. మాట ఇచ్చేశాడట.

"పది గంటలు కానియ్యి సేటూ" అంది శోభారాణి. "అప్పటిదాంక ఫుల్ స్పీడు లేదు."

"అయిదు నిమిషాలేనమ్మా!"

"ఆ అయిదు నిమిషాలకే ఇంజన్ పాడైతది. మాట ఇచ్చేముందు నన్ను అడిగుంటే చెప్తుంటి."

శుక్రవారం నాలుగో గంట నడుస్తుండగా సుదర్శన్ కాళ్ల కింద ఏదో తేడా వచ్చింది. చప్పుడు కాదు. పాదాలు ఆనించే చోట సన్నని వణుకు. నాలుగు వేలు దాటగానే వచ్చింది, అయిదు వేల దగ్గర పోయింది. మళ్లీ దించితే మళ్లీ అక్కడే వచ్చింది. ఉదయం ఇది లేదు. లేక ఉండి తను గమనించలేదా?

చెబితే ఏమవుతుందో తెలుసు. మళ్లీ వీడే అంటారు. చెప్పకుండా ఊరుకుంటే బహుశా దానంతట అదే పోతుంది, కొత్తది కదా, కుదురుకుంటోంది కావచ్చు. చెరువు నడుమ అలా రెండు చుట్లు తిరిగాడు. ఒడ్డున రాయి మీద పొట్టి మనిషి, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి వింటూ కనిపించింది. సుదర్శన్ హ్యాండిల్ ఒడ్డు వైపు తిప్పాడు.

"అక్కా, నాలుగు వేల కాడ కాళ్లల్ల వణుకు వస్తాంది. నేనేం జెయ్యలే. అయిదు వేలు దాటలే."

"నువ్వు చేసినవని ఎవలన్నరు?" ఆమె లేచి నిలబడింది. "నాకు ఇక్కడికి ఇనొస్తలేదు. నేను కూసోవాలె దాని మీద."

ఒడ్డున పడవ దగ్గరున్న పోశయ్య నవ్వాడు. "నీళ్లంటే భయమన్నవ్ గదా చెల్లె? ఈత రాదంటివి."

ఆమె అంత దూరంలో ఎందుకు కూర్చుంటోందో సుదర్శన్‌కు అప్పుడు తెలిసింది.

"రాదు. ఇప్పుడు నేర్చుకునే టైమ్ గూడ లేదు. నువ్వు పడవేసుకొని పక్కపొంటి రా అన్నా" అంది ఆమె. లైఫ్ జాకెట్ తనే వేసుకుని, పట్టీలు ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుంది. సుదర్శన్ భుజం మీద ఆమె పట్టు ఎముక దాకా దిగింది. కానీ చెరువు నడుమకు వచ్చి నాలుగు వేలు పట్టగానే, ఆ చెయ్యి భుజం వదిలి సీటు పక్కన బండి ఒంటి మీద ఆనింది. భయపడుతున్న మనిషి వెనక నుంచి మాయమై మరో మనిషి వచ్చి కూర్చున్నట్టనిపించింది.

"పెంచు. దించు. ఆఁ, అక్కడ్నే ఉంచు. మల్ల దించు." ఆమె బండి మీంచి చెయ్యి తీసింది. "చాలు తమ్మీ. ఒడ్డుకు పోదాం."

షెడ్డు చేరాక సీటు విప్పింది. ఇంజన్‌నూ, నీళ్లు తోసే పంపు షాఫ్టునూ కలిపే కప్లింగ్ దగ్గర సన్నని కొలత రేకులు దూర్చి నాలుగు వైపులా చూసింది. ఒక వైపు రేకు సులువుగా దూరింది. ఎదుటి వైపు దూరలేదు. మళ్లీ చూసింది. తర్వాత వెనక్కి వాలి, నేల మీద కూర్చుండిపోయింది.

సరిగ్గా అప్పుడే సేటు కారు వచ్చి ఆగింది. రేపటి ఫొటోల ఏర్పాట్లు చూసుకుందామని వచ్చాడు. విప్పి ఉన్న బండిని చూడగానే ముఖం మాడిపోయింది.

"మల్ల ఏం జేసినవ్‌రా?" అన్నాడు సుదర్శన్ మీదికి వస్తూ.

"ఆయననేం అనకు సేటూ. తప్పు నాది" అంది శోభారాణి.

సేటు ఆగిపోయాడు.

"ఇంజన్ ఒక పక్కకు వెంట్రుకంత వంగింది. చివరి బోల్టు బిగించినంక మల్లొక్కపారి కొలవాలె. బస్సు పోతదని కొలవలే. పని ఒప్పుకున్నప్పుడు బస్సు ముచ్చట ఉండొద్దు. ఈ తమ్మి ఇనకపోతే పది గంటలు గట్లనే నడుస్తుండె. షాఫ్టు సీలు అరిగి నీళ్లు లోపలికొస్తుండె. నీ కొత్త ఇంజన్ చెరువుల మునుగుతుండె." ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. బోల్టు సైజు చెప్పినట్టు చెప్పింది. "రేపు మొత్తం ఇప్పి మల్ల సరిజేస్త. దానికి నువ్వు ఒక్క రూపాయి ఇయ్యద్దు. నీ ఫొటోలోళ్లకు మాత్రం రేపు కుదరదు. ఫోన్ నేను చేసి చెప్పాల్నంటే చెప్తా."

సుదర్శన్ ఆమెనే చూస్తున్నాడు. తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. ఇంజన్‌ను ఆనించే మౌంటు ఒకటి సడలిందనో, సామాను మంచిది కాదనో అంటే నమ్మేవాళ్లే అందరూ. ఆమె చేతిలోని రేకులు తుడిచి మళ్లీ డబ్బాలో వరసగా పెడుతోంది. తప్పు ఒప్పుకున్నాక ఆమె ఏమీ చిన్నగా కనిపించలేదు. అతనికి ఇంకా పొడుగైనట్టు కనిపించింది.

నోరు దానంతటదే తెరుచుకుంది.

"సేట్, నేనూ ఒకటి చెప్పాలె. ఉగాదప్పుడు సప్పుడు సన్నబడ్డది నాకు ముందే ఇనొచ్చింది. ఆగిపోయే పావుగంట ముందుగాల్నే. లైను పెద్దగుండె. ఒడ్డుకు తెచ్చి నాచు తీసుడంటే అందరు మొత్తుకుంటరని ఇంకో రెండు చక్కర్లు కొట్టిన. ఆపితే బతుకుతుండె ఇంజన్."

సేటు కాసేపు సుదర్శన్‌నూ, కాసేపు శోభారాణినీ చూశాడు. తిట్టడానికి సిద్ధమై వచ్చిన మనిషికి తిట్టడానికి చోటు దొరకనట్టు నిలబడ్డాడు.

"అప్పుడే చెప్తే ఏం బోయేది?" అన్నాడు చివరికి.

"పనిల నుంచి తీస్తరని భయమైంది సేట్."

"లైన్ల జనం మొత్తుకుంటే బండి ఆపొద్దని చెప్పింది నేనే గద" అన్నాడు సేటు, ఎటో చూస్తూ. జేబులోంచి ఫోను తీసి బయటికి నడిచాడు. ఫొటోలవాళ్లతో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. "లేదమ్మా, జెట్ స్కీ తయారుగ లేదు. తప్పు మాదే. పెడల్ బోటుల మస్తుగొస్తయి ఫొటోలు..."

శనివారం ఆ జంట వచ్చి పెడల్ బోటులోనే ఫొటోలు దిగారు. పెళ్లికొడుకు తొక్కలేక రొప్పుతుంటే అమ్మాయి పగలబడి నవ్విందనీ, ఆ నవ్వే అన్నిట్లోకీ బాగా వచ్చిందనీ ఫొటోగ్రాఫర్ చెప్పాడు. షెడ్డులో శోభారాణి, సుదర్శన్ ఇంజన్‌ను పైకెత్తి మళ్లీ దించారు. ఈసారి రేకులు అతని చేతికిచ్చి కొలవమంది. నాలుగు వైపులా ఒకే బిగువుతో దూరాయి. బోల్టులు బిగించాక మళ్లీ కొలవమంది. ఈలోగా చివరి బస్సు వెళ్లిపోయింది. ఆమె పోశయ్య ఇంట్లో అతని భార్య పక్కన పడుకుని తెల్లవారి మొదటి బస్సుకు పోయింది.

సోమవారం నుంచి మిగిలిన గంటలు నడిచాయి. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. వణుకు మళ్లీ రాలేదు. మీటరు ఆరువేల అయిదు వందల దాకా పోనిచ్చింది. ఒకటి రెండు సెకన్లు గట్టిగా గుంజి వదలమంది. చప్పుడు రోజురోజుకూ మారుతుంటే సుదర్శన్ ఆమెకు వచ్చి చెప్పేవాడు. మొదట్లో గొంతు పట్టేసినట్టుండేది, ఇప్పుడు విచ్చుకుంది అన్నాడొకసారి. ఆమె ఆ మాటనే నోటుబుక్కులో రాసుకుంది.

గురువారానికి పది గంటలు నిండాయి. ఆయిల్ బయటికి తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండకు పట్టుకుంది. అందులో సన్నని వెండి పొడి మెరిసింది.

"ఇది చూసి భయపడకు. రింగులు కూసున్నప్పుడు రాలిన పొడి. ఈసారి ఉండాల్నే. వచ్చేసారి కనపడితే నాకు ఫోన్ చెయ్యి."

కొత్త ఆయిల్ పోసి మూత బిగించింది. ఆ రోజు సేటు కూడా వచ్చాడు. పోశయ్య పడవ సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ఇగ పో తమ్మీ. నీ ఇష్టమొచ్చినంత గుంజు" అంది.

"నువ్వు రావాలక్కా."

"నేనెందుకు? అంతా మంచిగనే ఉంది. ఒడ్డుకెల్లి ఇంటా."

"నువ్వు బిగించిన ఇంజన్ ఎట్ల ఉరుకుతదో నువ్వు సూడకపోతే ఎట్ల?"

ఆమె నీళ్ల వైపు చూసింది. లైఫ్ జాకెట్ వైపు చూసింది. సేటు దాన్ని కొక్కెం మీంచి తీసి, ఏమీ అనకుండా ఆమెకు అందించాడు.

సుదర్శన్ మెల్లగా మొదలుపెట్టాడు. గట్టు దూరమయ్యాక, ముందు ఎవరూ లేరని చూసుకుని, లీవరు పూర్తిగా నొక్కాడు. బండి ముక్కు లేచి, ఒక్క క్షణం ఆగినట్టనిపించి, దూసుకుపోయింది. గుండెల్లో కొట్టే నిండు చప్పుడు. ఎక్కడా వణుకు లేదు, ఎక్కడా సన్నబడలేదు. గాలికి కళ్ల వెంట నీళ్లు కారాయి. వెనక నుంచి శోభారాణి అరుస్తోంది. ముందు భయపడుతోందేమోనని వేగం తగ్గించబోయాడు.

"దించకు! దించకు తమ్మీ!" అని ఆమె అతని వీపు మీద చరిచింది. "ఆ మలుపు దాంక పోనియ్యి!"

మలుపు దాకా పోనిచ్చాడు. అక్కడ తిరిగి, మళ్లీ మత్తడి దాకా పోనిచ్చాడు.